జహాజ్ నంబర్ చెప్పు, లోపలికి రా

పోయిన నెల మా అమ్మాయి హైదరాబాద్‌లో ఒక క్విజ్‌కు పోయొచ్చింది. స్టార్ ట్రెక్ సీరియల్ అంటే ప్రాణమిచ్చేవాళ్లు కూడి పెట్టుకున్న చిన్న మహఫిల్ అది. పొద్దున సంబరంగా పోయిన పిల్ల సాయంత్రం వచ్చి, చప్పుడు చేయకుండా ఓ మూల కూచుంది. "ఏమైంది బేటా?" అంటే "ఏం లేదబ్బా" అంది. రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర అసలు మాట బయటికొచ్చింది.

గుమ్మంలోనే ఒక కుర్రాడు ఆపాడట. తల మీది దుపట్టా వైపు చూసి, "మీరు నిజంగా చూస్తారా?" అని మూడు సవాళ్లు వేశాడట. మొదటి సీరియల్‌కు ఎన్ని ఎపిసోడ్లు? కెప్టెన్ కిర్క్ నడిమి పేరేంటి? స్పాక్ తల్లి పేరేంటి? ఈమె వెనకొచ్చిన మగపిల్లల్ని మాత్రం ఏమీ అడగలేదట.

ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. తెలుగులో సవాల్ అంటే పందెం. ఆ కుర్రాడు వేసింది తెలుగు సవాలే.

"మరి జవాబ్ చెప్పావా?"

"మూడూ చెప్పాను. 79, టైబీరియస్, అమాండా. ఆ సీరియల్ మొదట్లో ఒక ఎపిసోడ్‌లో కిర్క్ పేరుతో సమాధి రాయి చూపిస్తారు. దాని మీద నడిమి అక్షరం 'ఆర్' అని ఉంటుంది, 'టి' కాదు. తీసినవాళ్లు వచ్చినా వీడు గుమ్మం దగ్గరే ఆపేవాడు."

"అన్నీ చెప్పినప్పుడు మరి బాధెందుకు?"

"చెప్పాల్సి రావడమే అబ్బా."

నాకు ఆ పిల్లాడి మీద గుస్సా వచ్చింది. దాని వెనకే షర్మిందగీ కూడా వచ్చింది. ఆ దర్బాన్ పని ఒకప్పుడు నేనూ చేశాను, చౌటుప్పల్‌లో.

ఎనభైల నాటి మాట. దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున స్టార్ ట్రెక్ వచ్చేది. అమెరికాలో 1966 సెప్టెంబర్ 8న మొదలై 1969లో ఆగిపోయిన సీరియల్ అది. మా గల్లీ దాకా చేరేసరికి దాని ఉమర్ ఇరవై ఏళ్లకు దగ్గరపడింది. గల్లీ మొత్తానికి టీవీ మా ఇంట్లోనే. హైదరాబాద్ యాభై కిలోమీటర్లు. గాలి వీస్తే చాలు బొమ్మ పోయేది. ఒకడు మిద్దె మీద యాంటెన్నా పైపు పట్టుకుని తిప్పుతుంటే, కిందనుంచి "ఆయా, ఆయా! బస్, బస్!" అని మేం అరిచేవాళ్లం.

ఇంగ్లీషు ఎవరికీ రాదు. మాకది 'ఇస్టార్ ట్రెక్', చెవుల సాయబు పేరు 'ఇస్పాక్'. జహాజ్ మీద ఎన్.సి.సి.-1701 అని రాసి ఉండేది. బడిలో ఖాకీ బట్టలు కట్టి పరేడ్ చేసే ఎన్.సి.సి. వాళ్లే పెద్దయ్యాక ఆ జహాజ్ నడుపుతారని మా యకీన్. ఒక ఆదివారం 'ఖాన్' అన్న పేరు వినపడగానే అందరం లేచి నిలబడ్డాం. తీరా చూస్తే విలన్! ఆ ఖాన్ పూర్తి పేరు ఖాన్ నూనియన్ సింగ్ అనీ, కథలో అతను ఉత్తర హిందుస్తాన్ సిక్కు అనీ, వేషం కట్టిన రికార్డో మోంటల్బాన్ మెక్సికోలో పుట్టాడనీ చాలా ఏళ్లకు తెలిసింది.

అమ్మీకి గజళ్లు రాసుకునే బయాజ్ ఒకటుండేది. దాని చివరి ఖాళీ పేజీల్లో మేం మా మాలూమాత్ రాసుకునేవాళ్లం. దాన్నుంచే ఒక కానూన్ పుట్టింది: జహాజ్ నంబర్ చెప్పు, లోపలికి రా. నంబర్ చెప్పినవాడికే షత్రంజీ మీద చోటు.

మా చెల్లెలికప్పుడు పదేళ్లు. ఆదివారం పొద్దున ఆమెకు బోరింగ్ దగ్గర నీళ్లు, వంటింట్లో రొట్టెలు, మాకందరికీ చాయ్. అన్నీ అయి వచ్చేసరికి సగం కథ అయిపోయేది. ఒకరోజు తడి చేతులతో గుమ్మంలో నిలబడితే నేనే ఆపాను. "నంబర్ చెప్పు." ఆమె చెప్పలేదు. తిరిగి నన్నే అడిగింది.

"చెవిలో యంత్రం పెట్టుకుని కూచుంటుందే, ఆమె పేరేంది?"

"ఉహూరా."

"కిర్క్‌కు జేమ్స్ అని ఇంకో పేరుంది కదా. మరి ఆమె సొంత పేరు?"

బయాజ్ తిరగేశాం. లేదు. "లేని పేరు అడుగుతావా? ఫెయిల్!" అని నవ్వాం. ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. మళ్లీ ఏ ఆదివారమూ ఆ గుమ్మం దాకా రాలేదు.

ఆ సవాల్ ఎంత పెద్దదో నాకు తర్వాతెప్పుడో అర్థమైంది. ఆ 79 ఎపిసోడ్లలో ఎక్కడా ఉహూరా సొంత పేరు చెప్పలేదు. 2009 సినిమాలో గానీ తెర మీద ఆ పేరు వినపడలేదు: నియోటా. ఆ వేషం కట్టిన నిషెల్ నికోల్స్ మొదటి సీజన్ తర్వాత మానేద్దామనుకుంటే, ఆగమని నచ్చజెప్పింది మార్టిన్ లూథర్ కింగ్. ఒక నల్లజాతి స్త్రీ అందరితో బరాబర్‌గా కూచుని పనిచేయడం జనం చూడాలని ఆయన ఆశ. ఉహూరా అన్న పేరు స్వాహిలీ మాట 'ఉహురు' నుంచి వచ్చింది. స్వేచ్ఛ అని అర్థం. దాని మూలం అరబ్బీ 'హుర్'. మన 'హుర్రియత్' కూడా అక్కడిదే. మన ఇంటి మాటే ఆ జహాజ్‌లో కూచుని ఉంటే, మేం నంబర్ అడుగుతూ గుమ్మంలో నిలబడ్డాం.

మాలూమాత్ చెడ్డవని నేననను. పేర్లు, నంబర్లు యాద్ పెట్టుకోవడం మొహబ్బత్‌లో ఒక భాగమే. మన ఇళ్లలో బైత్‌బాజీ చూడండి. ఒకరికి షేర్ అందకపోతే వెనకనుంచి ఎవరో చెవిలో అందిస్తారు, ఆట నడవాలని. మా గల్లీలో మాత్రం ఆట ఎవర్ని బయట నిలబెట్టాలా అని నడిచింది. మీ ఇంట్లో క్రికెట్ స్కోర్ల దగ్గరో, పాత సినిమాల దగ్గరో ఇలాంటి గుమ్మం ఒకటి ఉందేమో ఒకసారి చూసుకోండి.

మొన్న ఆదివారం అమ్మాయిని తీసుకుని చౌటుప్పల్ పోయాను. అప్పుడు నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. చెల్లెలు ఆ పాత ఇంట్లోనే ఉంటోంది. అంతా చెప్పి, "మాఫ్ చెయ్" అన్నాను. ఆమె కాసేపు నా మొహం చూసింది.

"నంబర్ నాకు తెలుసు భాయ్. 1701. వంటింటి గోడ అవతల నుంచి ప్రతి ఆదివారం వినేదాన్ని కదా. నాకే చెప్పబుద్ధి కాలేదు."

మా అమ్మాయి ఒక్కసారి తలెత్తి వాళ్ల ఫుప్పూను చూసింది. తర్వాత దగ్గరికి జరిగి, "ఫుప్పూ, ఆమె పేరు నియోటా. స్వాహిలీలో సితారా అని అర్థం" అంది.

"ఇన్నేళ్లకు చెప్పార్రా" అని నవ్వింది చెల్లెలు.

ఇద్దరూ ఫోన్‌లో మొదటి ఎపిసోడ్ పెట్టుకుని షత్రంజీ మీద కూచున్నారు. చాయ్ పెట్టడానికి నేను వంటింట్లోకి పోయాను. గోడ అవతల నుంచి అన్నీ వినపడుతూనే ఉన్నాయి.