లెక్కలోకి రాని తాళాల గుత్తి

తెలుగిళ్లలో పెత్తనం చేతులు మారిందని చెప్పడానికి పెద్ద మాటలేవీ అక్కర్లేదు. అత్తగారి బొడ్లోని తాళాల గుత్తి కోడలి బొడ్లోకి వచ్చిందంటే చాలు. అయితే ఆ గుత్తితో తెరుచుకునే ఇనప్పెట్టెలోని పొలం కాగితాల మీద ఆమె పేరు ఉండదు. తన సొంతానికి నాలుగు రూపాయలు దాచుకోవాలంటే పోపుల డబ్బాయే దిక్కు. తాళం తీసి ఇచ్చే పని ఆమెది, లోపల ఉన్నది ఇంకొకరిది. స్త్రీకి డబ్బూ, గడియ పెట్టుకోగల గదీ కావాలని వర్జీనియా ఊల్ఫ్ 1929లో వాదించింది. గది మాట అటుంచి, గడియ పెట్టుకునే సొరుగైనా మనలో ఎంతమందికి ఉంది?

మా ఆఫీసుకి ఒక కొత్త ఇనప బీరువా వచ్చాక ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. దాన్ని బీరువా అనకూడదట, స్మార్ట్ లాకర్ అనాలట.

నేను పనిచేసేది విశాఖపట్నం వన్ టౌన్‌లో. 1933 అక్టోబరులో జలదుర్గ అనే ఓడ మొదటగా ఈ రేవులోకి వచ్చింది. ఆ రేవు చుట్టూ పెరిగిన వ్యాపారానికి కాగితాల పని చేసిపెట్టే చిన్న చిన్న ఆఫీసులు పాత పోస్టాఫీసు చుట్టుపక్కల సందుల్లో ఇప్పటికీ ఉన్నాయి. మాదీ అలాంటిదే. దిగుమతిదారుల తరఫున కస్టమ్స్ పనులు చూస్తాం. కొందరం కంప్యూటర్ల ముందు కూర్చుంటాం, కొందరు రేవులోకి, కంటైనర్ యార్డులకి వెళ్లి సరుకు తనిఖీ చేయిస్తారు. కూర్చునేది ఆడవాళ్లం, వెళ్లేది మగవాళ్లు అని వేరే చెప్పాలా?

లాకరు రాకముందు పదకొండేళ్లు ఆఫీసు తాళాల గుత్తి నా దగ్గరే ఉండేది. డిజిటల్ సంతకం టోకెన్లు, స్కానర్లు, లాప్‌టాప్‌లు, రేవులోకి వెళ్లేవాళ్ల హెల్మెట్లు, మెరిసే జాకెట్లు, ఇనప ముక్కు బూట్లు అన్నీ నా బీరువాలోనే. కొరియర్లో వచ్చే కవర్లకీ నేనే జవాబుదారీ. బిల్ ఆఫ్ లేడింగ్ అసలు కాగితం పోతే ఓడలో వచ్చిన సరుకు దిగుమతిదారుడి చేతికి రాదు. అందుకని భోజనానికి లేచినా కన్ను తలుపు మీదే. సెలవు పెట్టిన రోజు పది ఫోన్లు. "అక్కా, ఆ చార్జరెక్కడ?" "మేడం, నిన్నటి కవరొచ్చిందా?" ఈ పని నా నియామకపు కాగితంలో లేదు. జీతంలోనూ లేదు. "ఆడవాళ్ల దగ్గరుంటే వస్తువు భద్రంగా ఉంటుందమ్మా" అన్న మెచ్చుకోలు ఒక్కటే దక్కింది. ఇంటి చాకిరీకి ఇచ్చే కితాబు లాంటిదే ఇది కూడా.

అందుకే లాకరు వచ్చిందని నేనేమీ బాధపడలేదు. జర్మనీలో 2001 నుంచే ఉత్తరాల శాఖ వాళ్లు పార్సిళ్ల కోసం ఇలాంటి పెట్టెలు పెట్టారు. మన తపాలా శాఖ 2021లో కోల్‌కతాలో మొదలుపెట్టింది. పని తీరు తేలికే. కొరియరతను ఒక గదిలో కవరు పెట్టి తలుపు మూస్తే, ఎవరి పేరున వచ్చిందో వాళ్ల ఫోనుకి అంకెలు వెళతాయి. అవి నొక్కితే ఆ గది ఒక్కటే తెరుచుకుంటుంది. ఆఫీసు వస్తువులకైతే వేలిముద్ర. లోపలే చార్జింగు. ఎవరు, ఏ వస్తువు, ఎన్ని గంటలకి తీశారో, ఎప్పుడు తిరిగి పెట్టారో అంతా నమోదవుతుంది. అది వచ్చిన నెలలో మూడు రోజులు సెలవు పెట్టాను. ఒక్క ఫోనూ రాలేదు. పదకొండేళ్లు నేను చేసింది పనేనని, దాన్ని తప్పించడానికి డబ్బు పెట్టి యంత్రం కొనాల్సి వచ్చాక గానీ ఎవరికీ తెలియలేదు.

అసలు సంగతులు తర్వాత మొదలయ్యాయి.

మా ఆఫీసు ఊడ్చి తుడిచే ఆమె రోజూ పొద్దున్న వాక్యూమ్ మెషీను తీసుకోవాలి. ఆమె వేలిని యంత్రం గుర్తుపట్టలేదు. ఫినాయిలు, అంట్ల సబ్బు, ఇరవై ఏళ్ల గచ్చు కలిసి ఆ వేళ్ల గీతలు చెరిపేశాయి. "ఏటి సేత్తానమ్మా, నా ఏలు దానికి ఆనటం లేదు" అని నవ్వింది. పోనీ అంకెలు పంపుదామంటే ఫోను కొడుకు దగ్గరుంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు దేశం మొత్తం మీద సుమారు 54 శాతమే. మిగిలిన వాళ్ల ఊసు ఈ పెట్టె తయారుచేసిన వాళ్ల తలపుకి వచ్చినట్టు లేదు. పని చేసి చేసి అరిగిన వేలిని, పనికి వచ్చావా అని అడిగే యంత్రం గుర్తించకపోవడం కన్నా ఎగతాళి ఏముంటుంది?

రెండోది పాత బీరువా సంగతి. లాకరు రాగానే దాన్ని తూకానికి అమ్మేశారు. దాని కింది అరలో ఆఫీసు వస్తువులు కానివి కొన్ని ఉండేవి. ఎవరికైనా అవసరపడితే శానిటరీ పాడ్లు, నొప్పి మాత్రలు, ఒక మార్పిడి చీర, ఊడ్చే ఆమె ఇంట్లో కనబడకుండా దాచుకున్న చీటీ డబ్బుల డబ్బా. కొత్త లాకరు ప్రతి గదికీ వస్తువు పేరు అడుగుతుంది. జాబితాలో స్కానరుంది, లాప్‌టాపుంది, ఇవి లేవు. ఆ అర మా అందరి పోపుల డబ్బా అని అది పోయాకే తెలిసింది.

మూడోది అన్నిటికన్నా గట్టిది. ఏడాది చివర లాకరు లెక్కలు అచ్చుతీసి మీటింగులో పెట్టారు. హెల్మెట్లు, బూట్లు ఉన్న గదిని ఆడవాళ్లు ఒక్కసారీ తెరవలేదని అందులో ఉంది. "మీవాళ్లకి రేవు పని మీద ఆసక్తి లేదు కదా" అన్నారు, నొచ్చుకునేలా కాదు, మామూలుగానే. రేవు పని తెలియకపోతే కస్టమ్స్‌లో జి కార్డు పరీక్షకి పంపరు. జి కార్డు లేకపోతే మా ఆఫీసులో జీతం ఒకచోట ఆగిపోతుంది. ఆ కాగితం మీది సున్నా ఇద్దరు అమ్మాయిల భవిష్యత్తుని తేల్చేసేలా ఉంది.

నేను లేచి ఒక్కటే అడిగాను, ఆ గదిలో ఉన్న బూట్లలో అన్నిటికన్నా చిన్న జత ఎంత సైజు అని. ఎనిమిది. మాలో ఎవరి పాదమూ ఐదు దాటదు. తెరిచిన తలుపుని యంత్రం లెక్క పెడుతుంది. తెరవలేకపోయిన చేతిని, తెరిచినా లాభం లేదని ముందే తెలిసిన మనిషిని లెక్క పెట్టదు. లేనితనాన్ని అయిష్టంగా చదివింది యంత్రం కాదు, దాని ముందు కూర్చున్న మనుషులు. ఇంట్లో ఆడపిల్ల అడగలేదు కాబట్టి ఆమెకి చదువు అక్కర్లేదనుకున్న చదువరులు వీళ్లే.

ఆ నెలలో ఐదో నంబరు బూట్లు రెండు జతలు వచ్చాయి. ఒకమ్మాయి యార్డుకి వెళ్లడం మొదలుపెట్టింది. ఊడ్చే ఆమెకి మెళ్లో వేసుకునే కార్డు ఇచ్చారు. ఒక గదికి 'సొంత సామాను' అని పేరు పెట్టించాం, అది తీసిన వివరాలు అచ్చులో రాకూడదన్న షరతు మీద. ఇదంతా దయ కాదు. పని వేళల్లో వేసుకోని బట్టలు పెట్టుకునే చోటు గురించి 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఒక సెక్షనుండేది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ స్త్రీలకి, పురుషులకి, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకి విడివిడిగా లాకరు గదులుండాలంటోంది. మాలాంటి చిన్న ఆఫీసుల గుమ్మం దాకా చట్టం నడిచి రాదు. అడిగేవాళ్లు లోపల ఉండాలి.

ఇంకొక అడగాల్సింది మిగిలింది. కరెంటు లేక, బ్యాటరీ అయిపోతే ఈ లాకరుని తెరవడానికి మామూలు తాళంచెవి ఒకటి ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. అలాంటి రోజు మళ్లీ వస్తుంది. అందుకని ఆ తాళంచెవిని నా దగ్గర ఉంచుకోమన్నారు, అలవాటుగా. ఉంచుకుంటానన్నాను, నా పనుల జాబితాలో దాన్ని రాసి సంతకం చేసి ఇస్తే. యజమాని కొంచెంసేపు నావైపు చూసి రాయించాడు. ఇప్పుడు ఆ తాళంచెవి నా డ్రాయరులో ఉంది, దాని పక్కనే ఆ కాగితం.