ఎవరికీ అక్కర్లేని నేల

2016 అక్టోబరు 11, దసరా పండుగ. ఆ రోజు తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. పాత వరంగల్ జిల్లాను పంచితే జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి కొత్తగా పటమెక్కాయి. వాటిలో జనగామ ముసాయిదా జాబితాలో లేనే లేదు. బంద్‌లు, ధర్నాలు చేసి మరీ జిల్లా అయింది. సరిగ్గా పది రోజులకు, అక్టోబరు 21న, ‘సివిలైజేషన్’ కంప్యూటర్ ఆటల వరసలో ఆరోది ప్రపంచమంతటా విడుదలైంది. అందులో పెద్ద కొత్తదనం ఏమిటని అడిగితే ఆడేవాళ్లంతా చెప్పే మాట ఒక్కటే: డిస్ట్రిక్టులు! అంతకుముందు ఊరంతా ఒకే గడిలో ఇరుక్కునేది. ఇప్పుడు బడులొక గడిలో, గుడి ఒక గడిలో, రేవు మరో గడిలో కట్టుకోవాలి. ఎక్కడ ఏది కడితే లాభమో లెక్కలు వేస్తూ తల పట్టుకోవాలి. ఆ దసరాకు కలెక్టరేట్ ఎక్కడ పెట్టాలా అని తల పట్టుకున్న అధికారులకు ఈ ఆట ఎవరైనా చూపించి ఉంటే ఏమనుకునేవారో.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది చదరంగంలా వంతులవారీ ఆట. ఒక జాతిని ఎంచుకుని, ఒక్క ఊరితో, క్రీస్తుకు 4000 ఏళ్ల ముందు మొదలుపెట్టాలి. చుట్టూ చీకటి. స్కౌట్‌ను పంపితే చీకటి తొలగి కొండలు, ఏళ్లు, పక్క రాజ్యాలు కనిపిస్తాయి. సెట్లర్లను తయారుచేసి కొత్త ఊళ్లు కట్టుకుంటూ పోవాలి. ‘ఇంకొక్క టర్న్’ అనుకుంటూ తెల్లవార్లూ కూర్చునే జబ్బు దీనికి పుట్టుకతోనే ఉంది. వెతుకు, విస్తరించు, వాడుకో, తుడిచిపెట్టు అనే నాలుగు పనుల మీద నడిచే ఇలాంటి ఆటలకు, ఆ నాలుగు ఇంగ్లిషు మాటల్లోని ఎక్స్ అక్షరాన్ని బట్టి, ‘ఫోర్ ఎక్స్’ అని 1993లో అలన్ ఎమ్రిచ్ అనే ఆటల విలేకరి పేరు పెట్టాడు. వేరే ఆట గురించి రాస్తూ పెట్టిన పేరది. దీనికీ అతుక్కుపోయింది.

రష్యాను ఎంచుకున్నవాడి ఆట తీరే వేరు. 1991లో మైక్రోప్రోజ్ కంపెనీ మొదటి ఆటను తెచ్చినప్పుడు రష్యా నాయకుడు స్టాలిన్. తమాషా ఏమిటంటే అదే సంవత్సరం డిసెంబరుకల్లా అసలు సోవియట్ యూనియనే లేకుండా పోయింది. తెర మీద మాత్రం స్టాలిన్ దర్జాగా రాయబారాలు నడుపుతూనే ఉన్నాడు. 2001లో మూడో ఆట వచ్చేసరికి మహారాణి కేథరీన్ చేతికి పగ్గాలొచ్చాయి. ఆమె జాతికి రాసిన రెండు లక్షణాల్లో ఒకటి విజ్ఞానం, రెండోది విస్తరణ. విస్తరణ జాతికి మొదట్లోనే ఒక స్కౌట్ ఉచితం. దారిలో కనిపించే గూడేలలోకి వెళితే మిగతా జాతుల మీద అప్పుడప్పుడు దొంగలు విరుచుకుపడతారు. వీళ్లకు ఆ బెడద లేదు. ఇక 2016 నాటి ఆరో ఆటలో పీటర్ చక్రవర్తి వచ్చాడు. అతను ఊరు కట్టిన మరుక్షణం మామూలు కంటే ఎక్కువ గళ్లు సొంతమవుతాయి. ఇంకెవరూ కన్నెత్తి చూడని టండ్రా గడి, మంచు తప్ప గడ్డి మొలవని గడి, అతనికి మాత్రం అదనంగా భక్తినీ ఉత్పత్తినీ ఇస్తుంది. అంచేత పీటర్‌తో ఆడటం తెలిసినవాడు సారవంతమైన నదీతీరం కోసం కొట్లాడడు. అందరూ ఆ గొడవలో ఉండగా ఉత్తరాన మంచులో ఊళ్ల మీద ఊళ్లు కట్టేస్తాడు. మిగతావాళ్లు తలెత్తి చూసేసరికి పటం పైభాగమంతా ఒకటే రంగు.

ఆట తయారుచేసినవాళ్లు ఇది గాల్లోంచి తీయలేదు. యెర్మాక్ అనే కొసాక్ నాయకుడు ఉరల్ పర్వతాలు దాటి సైబీరియా ఖాన్ కూచుమ్ మీద పడింది 1580ల మొదట్లో. ఇవాన్ మొస్క్విటిన్ మనుషులు పసిఫిక్ తీరాన ఒఖోత్స్క్ సముద్రాన్ని చూసింది 1639లో. అరవై ఏళ్లు నిండకుండానే ఖండం ఒక కొస నుంచి మరో కొసకు చేరారు. వాళ్లను నడిపించింది సేబుల్ అనే చిన్న జంతువు తోలు. అడవిలో ఉన్న జాతుల దగ్గర ‘యసాక్’ పేరుతో ఆ తోళ్లే పన్నుగా వసూలు చేశారు. ఒక చోట జంతువులు అయిపోతే మరో నది దాటారు. ఆటలో ఆ టండ్రా గళ్లన్నీ ఖాళీగా కనిపిస్తాయి. అసలు సైబీరియాలో మాత్రం ఎవెంకీలు, యాకూతులు అప్పటికే కాపురాలు చేస్తున్నారు. ఆటగాడి వేలికి వాళ్లు తగలరు.

ఇదంతా జనగామ హాస్టల్ గదిలోనో తొర్రూరులోని ఇంట్లోనో లాప్‌టాప్ ముందు కూర్చున్నవాడికి పరాయి ముచ్చటలా అనిపించవచ్చు. ఆటలో కాకతీయులు ఎటూ లేరు. ఇండియా అంటే గాంధీ, చంద్రగుప్తుడు. తాజా ఏడో ఆటలో మౌర్యులు, చోళులు, మొఘలులు ఉన్నారు. కాకతీయుల ఓరుగల్లుకు పిలుపు రాలేదు. రాజవంశాలన్నిటిలో పీటర్ పద్ధతికి దగ్గరగా ఆడింది కాకతీయులే కనుక ఇది కొంచెం అన్యాయమే.

ఎందుకంటే వాళ్లదీ ఎవరికీ అక్కర్లేని నేలే. శతాబ్దాల తరబడి తెలుగు రాజ్యాల కన్ను కృష్ణా గోదావరి డెల్టా మీద. పైన ఉన్న మెట్ట, రాళ్ల గుట్టలు, వానకాలం దాటితే ఎండిపోయే వాగులు ఎవరికి కావాలి? సింథియా టాల్బట్ 2001లో అచ్చయిన పుస్తకంలో కాకతీయుల కాలపు శాసనాలను వరసగా లెక్కతీసి, ఈ లోతట్టు మెట్ట ప్రాంతం అప్పట్లో సరిహద్దు భూమి అనీ, అక్కడికి జనం తరలివచ్చి, అడవి కొట్టి, చెరువులు తవ్వి కొత్త సమాజాన్ని కట్టుకున్నారనీ చూపించింది. ఆ సమాజంలో పుట్టుక కంటే కత్తిపట్టిన చెయ్యికి విలువెక్కువ. కాకతీయులు తమను చతుర్థ కులజులుగా, అంటే శూద్రులుగా, చెప్పుకోవడానికి వెనకాడలేదు.

పీటర్‌కు టండ్రా ఎలాగో వీళ్లకు మెట్ట అలాగ. మంచును భక్తిగా మార్చే మంత్రం అక్కడుంటే, వాగుకు అడ్డంగా మట్టికట్ట వేసే విద్య ఇక్కడుంది. మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువు కట్ట మీద దొరికిన 13వ శతాబ్దపు శాసనమే ఇందుకు సాక్ష్యం. ఆ చెరువు తవ్వించింది కాకతీయ రాజు గణపతిదేవుడి సోదరి మైలాంబ. చెరువు ముచ్చట చెబుతూ ఆమె పుట్టింటి వంశవృక్షమంతా ఏకరువు పెట్టింది. కాకతీయుల తొలి తరాల పేర్లు చరిత్రకారులకు తెలిసింది చాలావరకు ఆ రాతివల్లే. భూపాలపల్లి జిల్లా గణపురంలో చెరువు, దాని పక్కనే కోటగుళ్లు. రామప్ప చెరువు, 1213 నాటి గుడి కూడా ముందు భూపాలపల్లి జిల్లాలోనే ఉండేవి. 2019లో ములుగు వేరుపడడంతో అటు వెళ్లాయి. గుడి కదలకపోయినా జిల్లా మారుతుంది, ఆటలో గడి రంగు మారినట్టు.

పైగా గణపతిదేవుడి ఆట మొదలైన తీరు చూస్తే ఏ ఆటగాడైనా విసిగి మళ్లీ మొదటి నుంచి ఆడదామనుకుంటాడు. తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులతో యుద్ధంలో చనిపోయాడు. కుర్రవాడు శత్రువుల చేతికి చిక్కాడు. రాజు లేని రాజ్యాన్ని రేచర్ల రుద్రుడు అనే సేనాని కాపాడాడు. రామప్ప కట్టించిందీ అతనే. 1199లో గద్దె ఎక్కిన గణపతి ఆరు దశాబ్దాలకు పైగా పాలించాడు. ఒకప్పుడు కొరవి, అంటే ఇప్పటి మహబూబాబాద్ జిల్లా కురవి, కేంద్రంగా ఏలిన ముదిగొండ చాళుక్యుల వంటి పాత వంశాలు కాకతీయ రాజ్యంలో కలిసిపోయాయి. తీరం కూడా చేతికొచ్చింది. మోటుపల్లి రేవులో 1244లో వేయించిన అభయ శాసనం చదివితే ఆ రాజు బుర్ర తెలుస్తుంది. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును ముందటి రాజులు సర్వం లాక్కునేవారు. తాను సుంకం తప్ప మరేమీ ముట్టనన్నాడు. మెట్ట మధ్య కోట కట్టుకుని సముద్రం కోసం చెయ్యి చాచినవాడికి వ్యాపారి నమ్మకం ఎంత ముఖ్యమో అతనికి తెలుసు. మాస్కోలో పుట్టిన పీటర్ నాలుగున్నర శతాబ్దాల తర్వాత, 1703లో, బాల్టిక్ ఒడ్డున సెయింట్ పీటర్స్‌బర్గ్ మొదలుపెట్టిందీ ఇలాంటి ఆకలితోనే.

ఇక రష్యా ఈ నేలను నిజంగానే పటం మీద చూసిన సందర్భం ఒకటుంది. దాన్ని ఏ ఆట రాసేవాడూ ఊహించలేడు.

జనగామ దగ్గర కడవెండిలో 1946 జూలై 4న దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య బలయ్యాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను విసునూరు దొరకు వదలనంది. అక్కడ రాజుకున్నది సాయుధ పోరాటమై పాకింది. కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య రాసిన లెక్క ప్రకారం 3,000 గ్రామాల్లో, 10 లక్షల ఎకరాలు పంపకమయ్యాయి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చాక దళాలు మైదానాలు వదిలి గోదావరి అడవుల వైపు జరిగాయి. కొనసాగించాలా, ఆపాలా? కమ్యూనిస్టు పార్టీలో తెగని తగవు. 1951 తొలి నెలల్లో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ రహస్యంగా మాస్కో చేరారు. ఎదురుగా స్టాలిన్.

ఆట మొదటి కూర్పులో రష్యా జెండా పట్టుకుని కూర్చున్న ఆ స్టాలినే. తెర మీది స్టాలిన్‌తో పొరుగు కుదిరితే సరిహద్దులో సైన్యం పెట్టుకోక తప్పదు. ఈ స్టాలిన్ మాత్రం ముందు నైసర్గిక స్థితి సంగతి తీశాడు. చైనా గెరిల్లాలను కూడా శత్రువు పదేపదే చుట్టుముట్టాడనీ, మంచూరియా చేరి సోవియట్ యూనియన్‌కు వీపు ఆనించాకే వాళ్లకు ఊపిరి అందిందనీ, ఇండియాలో అలాంటి స్నేహపూర్వకమైన వెన్ను లేదనీ చెప్పాడు. తెలంగాణ చుట్టూ అన్ని వైపులా ఇండియాయే. మన పులి-మేక ఆటలో పులి ఎంత బలమున్నదైనా నాలుగు దిక్కులా మేకలు కమ్మితే కదలలేదు, అదే లెక్క. ఆ అక్టోబరులోనే పోరాటాన్ని విరమిస్తున్నట్టు పార్టీ ప్రకటించింది. విస్తరణ జాతి నాయకుడు మెట్ట గళ్లను పరిశీలించి ‘ఇక్కడ ఊరు నిలవదు’ అన్నాడన్నమాట. ఆ మాట సరైనదా కాదా అన్న తగవు జనగామ టీ కొట్ల దగ్గర ఇంకా వినిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

జనగామ జిల్లాలోనే రఘునాథపల్లి మండలంలో ఖిలాషాపూర్ ఉంది. మొఘలుల మీద తిరగబడ్డ సర్వాయి పాపన్న కోట అది. ఆటలో అయితే పాపన్నకు జాతి ఉండదు, నాయకుడి బొమ్మ ఉండదు. పటం మీద ఎర్రగా మెరిసే దొంగల శిబిరం ఒకటి ఉంటుంది, నాలుగు కత్తులు పంపి తొలగిస్తే బంగారం దొరుకుతుంది, అంతే. మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ కూడా అచ్చం ఆట రాసినవాడిలాగే పాపన్నను దారిదోపిడీగాడిగా చూశాడు. అయితే ఆ దొంగ 1708లో వరంగల్ కోట మీదే పడ్డాడు. భువనగిరి దోచాడు. ఔరంగజేబు పోయాక సామ్రాజ్యం పట్టు సడలడం గమనించి ఊరూరా మనుషుల్ని కూడగట్టాడు. రెండేళ్లకు, 1710లో, అతన్ని పట్టుకుని చంపారు. పాటగాళ్లు మాత్రం అతని కథ విడువలేదు. 19వ శతాబ్దంలో బాయిల్ అనే ఇంగ్లిషువాడు ఆ పాటను సేకరించి అచ్చువేశాడు. సివిలైజేషన్ ఆటకు ఇదొక పాత లోటు: పటం మీద ముందే జెండా ఉన్నవాడిదే చరిత్ర, లేనివాడిది దాడి. సైబీరియాలో యెర్మాక్ కూడా బయలుదేరినప్పుడు దొంగల ముఠా నాయకుడిలాంటివాడే. జారు అతన్ని తన పక్కన చేర్చుకున్నాడు కనుక ఆటలో కొసాక్‌లు రష్యాకు ప్రత్యేక దళమయ్యారు. పాపన్నకు అలాంటి జారు దొరకలేదు.

ఆటలో ఖనిజాలు కూడా చదువుతో బయటపడతాయి. కంచు పని నేర్చుకున్న రోజు హఠాత్తుగా పటం మీద ఇనుము తేలుతుంది. పారిశ్రామికీకరణ నేర్చుకోగానే బొగ్గు. అప్పటిదాకా పనికిరాని గడ్డిగడి అనుకున్నదే బంగారు గడి. భూపాలపల్లి అచ్చంగా అలాంటి ఊరు: సింగరేణి గనులు, చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం, అడవి అంచున రాత్రంతా దీపాలు. ఆటగాడు బొగ్గు కనిపించిన గడి మీదికి బిల్డర్‌ను పంపితే గని అదే టర్నులో తయారు.

బయ్యారంలో ఇనుము ఉందని అందరికీ తెలుసు. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం 13వ షెడ్యూలులో ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టే అవకాశాన్ని ఆరు నెలల్లో పరిశీలించాలని సెయిల్ సంస్థకు రాసి ఇచ్చారు. అప్పటికి బయ్యారం ఖమ్మం జిల్లాలో ఉంది. 2016 దసరాకు మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. ఆరు నెలలు దాటి ఏళ్లయ్యాయి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఉక్కు ఫ్యాక్టరీ మాట మళ్లీ లేస్తుంది, సభల్లో మైకులెక్కుతుంది. మైలాంబ చెరువు కింద రైతులు నాట్లు వేసుకుంటున్నారు. ఫ్యాక్టరీ మాత్రం రాలేదు.