వైరుకు రెండు కొసలు

ఆఫీసులో కంప్యూటర్లు సవ్యంగా నడుస్తున్నంతసేపూ స్విచ్చి అనే పెట్టె ఒకటి వున్నదని ఎవరికీ జ్ఞాపకం వుండదు. స్విచ్చి అంటే గోడమీద లైటు వేసే మీట కాదు లెండి. ఇరవై నాలుగు పోర్టులతో, ఆకుపచ్చ దీపాలు మిణుకుమంటూ, బల్లకింద పడివుండే ఇనప పెట్టె. కంప్యూటర్ల వైర్లన్నీ దానిలోకే చేరతాయి.

ఇటువంటి ఈథర్‌నెట్ స్విచ్చిని 1990 ప్రాంతంలో మొట్టమొదట బజారుకు తెచ్చిన అమెరికా కంపెనీ పేరు ‘కల్పన’ అంటే చాలామంది నమ్మరు. స్థాపకులలో ఒకరైన వినోద్ భరద్వాజ్ భార్య పేరది. ఆ మొదటి స్విచ్చికి పోర్టులు ఏడే!

దీని ఉద్యోగం పోస్టుమాన్ ఉద్యోగమే. ప్రతి కంప్యూటరుకూ పన్నెండు అక్షరాల చిరునామా వుంటుంది. ఏ చిరునామావారి ఉత్తరం ఏ పోర్టునుంచి వచ్చిందో చూసి గుర్తుపెట్టుకుంటుంది. వారికి వచ్చినవి ఆ పోర్టుకే పంపుతుంది. మామూలుగా 300 సెకన్లపాటు అలికిడి లేకపోతే మరిచిపోతుంది. అందరినీ ఉద్దేశించి రాసిన ఉత్తరాన్ని మాత్రం, వచ్చిన పోర్టు తప్పించి తక్కిన పోర్టులన్నిటికీ నకళ్లు పంచుతుంది.

చిక్కంతా యీ పంపకంలోనే వున్నది. మా కాలేజీలో పరీక్ష ఫీజుకు ఆఖరురోజున, వరండాలో పిల్లలు బారులు తీరి వుండగా, కంప్యూటర్లన్నీ ఒక్కసారి బిగుసుకుపోయాయి. పెట్టెమీది దీపాలు మాత్రం పిచ్చెత్తినట్టు కొట్టుకుంటున్నాయి. రెండు గంటలు వెతగ్గా తేలిందేమిటంటే, మా అటెండరు బల్లకింద ఊడుస్తూ, వేలాడుతున్న వైరు కొస చూసి, పాపం, ఖాళీ పోర్టులో పెట్టాడు. దాని రెండో కొసా ఆ పెట్టెలోనే వున్నది. ఒక పోర్టునుంచి వెళ్ళిన నకలు రెండోదాన్నుంచి తిరిగొచ్చి, మళ్ళీ నకళ్లై, అంతులేకుండా తిరుగుతున్నది. ఇన్ని చుట్లు తిరిగాక ఆగిపొమ్మనే ఏర్పాటు ఆ ఉత్తరాలకు లేదు.

“ఊడిపోయిందేమోనని పెట్టానండీ అయ్యగారూ,” అన్నాడతను చేతులు కట్టుకుని. సూపరింటెండెంటుగారు మెమో ఇస్తానన్నారు.

యీ ఆపదకు మందు కొత్తది కాదు. 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే ఆవిడ ‘స్పానింగ్ ట్రీ’ అనే పద్ధతి కనిపెట్టింది. స్విచ్చి రెండు సెకన్లకొకసారి తన పలకరింపు పంపుతూ వుంటుంది. అది చుట్టు తిరిగి తన దగ్గరకే వస్తే, దారి గుండ్రమైందని గ్రహించి ఒక పోర్టు మూసేస్తుంది. మా పెట్టెలోనూ యీ సదుపాయం వున్నది. బిగించి వెళ్ళినవారు దాన్ని ఆపేసి వెళ్ళారు, అంతే.

ఆ తరవాత పెట్టె పెత్తనం నామీద పడింది. స్పానింగ్ ట్రీ నడిపించాను. కొత్తగా వైరు పెట్టిన పోర్టు 30 సెకన్లు మాటాడకుండా కూర్చుంటుంది. ఆ ఆలస్యం లేకుండా కంప్యూటర్ల పోర్టులకు వేరే ఏర్పాటు చేశాను. చేసినవన్నీ సేవ్ చేశాను. అనేక స్విచ్చిలలో సేవ్ చేయని మార్పులు కరెంటు పోగానే మాయమవుతాయి. మన ఊళ్ళ కరెంటు సంగతి మీకు వేరే చెప్పాలా?

ఆఫీసు మూసేవేళ సూపరింటెండెంటుగారి ఎదుట అటెండరును పిలిచి, ఆ వైరు రెండు కొసలూ మళ్ళీ పెట్టమన్నాను. అతను జంకుతూ పెట్టాడు. ఒక్క పోర్టు మూసుకున్నది. కంప్యూటర్లు హాయిగా నడిచాయి. సూపరింటెండెంటుగారు కళ్ళజోడు తుడుచుకుని, “సరే, వెళ్ళవోయ్,” అన్నారు. మెమో ఊసు మళ్ళీ రాలేదు.

ఊడ్చేవాడు ఊడుస్తాడు, చూసినది సర్దుతాడు. అది తప్పెలా అవుతుంది? అటువంటి మనుషులు తిరిగేచోట పెట్టే పెట్టెను వారిని కాచుకునేట్టు అమర్చడమే తెలిసినవారి పని. ఇప్పుడు మా వైర్లన్నిటికీ రెండు కొసలా అంకెలు వేసిన కాగితపు ముక్కలు అంటించి వున్నాయి. అంటించినది ఆ అటెండరే.