నిమిషానికి ఆరు ఊపిరులు

గుంటూరు మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్ళుగా గుమాస్తాగిరీ వెలగబెడుతున్నవాణ్ణి. మాఘమాసం వచ్చిందంటే తేజ రకం టిక్కీలు అక్కడ గుట్టలు పడతాయి. ఆ ఘాటులో తుమ్మకుండా, దగ్గకుండా ఒక్క ఊపిరి నిండుగా తీసుకున్నవాడే యోగి!

అలాంటి నాకు నిరుడు రక్తపుపోటు ఉన్నదని తేలింది. డాక్టరుగారు మాత్ర రాసి, "ఊరగాయ తగ్గించండి. రోజూ పది నిమిషాలు, నిమిషానికి 6 సార్లే ఊపిరి తీయండి" అన్నారు. మామూలుగా మనిషి 12 నుంచి 20 సార్లు తీస్తాడట. గుంటూరువాడికి ఊరగాయ తగ్గించడం కంటె ఊపిరి తగ్గించడమే సులువు సుమండీ!

తెల్లవారుజామున అరుగుమీద కూర్చుని నాలుగు అంకెలు పీల్చడం, ఆరు అంకెలు విడవడం. పీల్చినప్పుడు గుండె కాస్త వేగంగా, విడిచినప్పుడు కాస్త నిదానంగా కొట్టుకుంటుంది. మెడలోని పెద్ద రక్తనాళాల గోడల్లో పోటును కనిపెట్టి మెదడుకు కబురంపే నరాల కొసలున్నాయి. పోటు పెరిగితే మెదడు గుండెను నెమ్మదించమంటుంది. ఈ సర్దుబాటు సుమారు పది సెకండ్లకొక అలలాగా సాగుతుంది. ఊపిరీ పది సెకండ్లకొకటైతే రెండూ ఒకే తాళంలో పడతాయి.

2001లో ఇటలీ వైద్యుడు లుచియానో బెర్నార్డీ, ఆయన సహచరులూ 23 మందిచేత ఒకసారి లాటిన్ జపమాల, ఒకసారి యోగమంత్రం చదివించి చూశారు. రెండింటితోనూ శ్వాస నిమిషానికి ఆరు దగ్గరకు దిగింది. ఆ నరాల చురుకూ పెరిగింది. అది తెలిశాక సంధ్య వారుస్తూ ముక్కు పట్టుకున్న మా తాతగారూ, సాయంత్రం జపమాల తిప్పే పక్కింటి ఫిరంగిపురం మామ్మగారూ ఒక్కసారే కళ్ళముందు మెదిలారు. ఇద్దరిదీ ఒకటే లెక్క కాబోలు!

రెండు నెలల్లో పోటు దిగింది. ఇక మాత్రలెందుకని, మా ఆవిడకు చెప్పకుండా మానేశాను. మూడోవారం కాటా దగ్గర చీటీ రాస్తుంటే తల దిమ్మెక్కింది, అంకెలు అలుక్కుపోయాయి. చూపిస్తే పోటు 180.

డాక్టరుగారు కోప్పడలేదు. "ఒంటెద్దుతో అరక సాగుతుందా? మాత్ర ఒక ఎద్దు, ఊపిరి రెండోది. ఊపిరి తగ్గించే పోటు కొద్దిపాటిదే. కాడి మొత్తం దానిమీద వేస్తే ఎలా?" అన్నారు.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు తెల్లవారుజామున అరుగుమీద ఇద్దరం కూర్చుంటున్నాం. మాత్ర నా అరచేతిలో పెట్టి, నేను మింగానో లేదో చూసుకుని, అప్పుడు మొదలుపెడుతుంది: "ఊఁ, పీల్చండి... ఒకటి..."