కుడికి బద్ధకం, ఎడమకి పరుగు

మనం రాసిన గేమ్‌లో బొమ్మ సరిగ్గా కదలకపోతే మొదటి అనుమానం కీబోర్డ్ మీదికో, పాత ల్యాప్‌టాప్ మీదికో పోతుంది. రెండో అనుమానం మన మీదికే వస్తుంది. ఆ రెండోదే ప్రమాదం.

మా పిన్ని కొడుకు బీటెక్ మొదటి ఏడాది. పైథాన్‌లో పైగేమ్‌తో ఓ చిన్న ఆట రాస్తున్నాడు. కోడిపిల్ల తిరుగుతూ గింజలు ఏరుకోవాలి, అంతే. ఎడమ బాణం నొక్కితే చకచకా పరిగెడుతోంది. కుడి బాణం నొక్కితే మాత్రం నీరసంగా నడుస్తోంది. వాడిది సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్.

“అక్కా, కుడి బటన్ అరిగిపోయినట్టుంది. మార్పిస్తే ఎంతవుతుంది?” అని ఫోన్ చేశాడు. కాసేపు ఆగి, “అసలు నాకు కోడింగ్ రాదేమో అక్కా” అన్నాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇప్పుడు క్లాసులో నోరు విప్పడానికే జంకే పిల్లాడు. ఆ మాట వింటే భయమేసింది. బటన్ అయితే మార్పించొచ్చు.

“సరే, పైకీ కిందికీ నడిపి చూడు” అన్నాను. పైకి వేగంగా, కిందికి నెమ్మదిగా వెళ్తోందట. రెండు బటన్లు ఒకేలా అరిగిపోవు కదా! కీబోర్డ్ మీద అనుమానం అక్కడితో పోయింది.

“కోడ్ ఏమీ మార్చకు. బొమ్మ ఎక్కడుందో ప్రతి ఫ్రేమ్‌కీ ప్రింట్ చెయ్యి” అన్నాను. కుడికి నడిపితే 100, 103, 106 అని వచ్చింది. ఎడమకి నడిపితే 100, 96, 92. ఒకవైపు మూడేసి, ఇంకోవైపు నాలుగేసి!

వాడు పెట్టిన వేగం సెకనుకు 200 పిక్సెళ్లు. ఆట సెకనుకు 60 ఫ్రేమ్‌లతో నడుస్తోంది. అంటే ఫ్రేమ్‌కి దాదాపు 3.3 పిక్సెళ్లు కదలాలి. వాడి లెక్క కరెక్టే. కానీ బొమ్మ స్థానం దాచిన రెక్ట్‌లో పూర్ణాంకాలే నిలుస్తాయి, చుక్క తర్వాతది పోతుంది. కుడికి వెళ్తే 103.3 కాస్తా 103 అవుతుంది. ఎడమకి వెళ్తే 96.7 కాస్తా 96 అవుతుంది. ఇటు కొంచెం నష్టం, అటు కొంచెం లాభం. సెకను గడిచేసరికి కుడికి 180, ఎడమకి 240 పిక్సెళ్లు! పైగేమ్‌లో కిందికి వెళ్లేకొద్దీ అంకె పెరుగుతుంది కాబట్టి పైకీ కిందికీ కూడా అదే తంతు.

వేగం ఇంకా తగ్గించి, ఫ్రేమ్‌కి 0.5 పెట్టి ఉంటే ఇంకా తమాషా. కుడికి అసలు కదిలేదే కాదు. ఎడమకి మాత్రం నడిచేది.

మందు చిన్నదే. అసలు స్థానాన్ని దశాంశాలతో సహా వేరే వేరియబుల్‌లో పెట్టుకోవాలి. కూడికలు, తీసివేతలు దాని మీదే చెయ్యాలి. బొమ్మ గీసేముందు మాత్రం దాన్ని రౌండ్ చేసి రెక్ట్‌కి ఇవ్వాలి. ఆ మార్పు వాడే చేశాడు. నేను ఫోన్‌లో వింటూ ఉన్నానంతే. “అక్కా, రెండు వైపులా ఒకేలా పోతోంది!” అని అరిచాడు. ఆ రాత్రే గింజలు తినడానికి ఓ కాకిని కూడా ఆటలోకి దింపాడు.

ఇలాంటి ఆట ఏదైనా మొండికేస్తే, కీబోర్డ్ కొనేముందు, ముఖ్యంగా “నాకు రాదు” అని తేల్చేసుకునేముందు ఒక్క ప్రింట్ పెట్టి చూడండి. దానికి పైసా ఖర్చు లేదు. అంకెలు మొహమాటం లేకుండా ఉన్నదున్నట్టు చెప్తాయి.