ఇంకో బాటిలు పెట్టమనే ముందు

మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో చాలామందికి డాక్టరు మీద కన్నా సెలైను బాటిలు మీదే గురి ఎక్కువ. మిరపకోతలకు వెళ్ళి నీరసపడినా, పత్తి తీసి నడుం పట్టేసినా, "ఒక బాటిలు ఎక్కించండి, లేచి కూర్చుంటాడు" అంటారు. ఎక్కించకపోతే వైద్యం చేయనట్టే లెక్క!

ఆ బాటిల్లో ఏముందో ఎప్పుడైనా అడిగారా? అరలీటరు నీళ్ళు, 4.5 గ్రాముల ఉప్పు. గ్లూకోజు బాటిలైతే 25 గ్రాముల గ్లూకోజు. దాని బలం 100 కేలరీల లోపే.

అలాగని తీసిపారేయకండి. వాంతులు, విరేచనాలతో ఒళ్ళు ఎండిపోయి తాగలేని స్థితిలో ఉన్నవాడికి సెలైను ప్రాణం పోస్తుంది. అవసరానికి మించితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ప్రాణం మీదికి తెస్తుంది. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో తీవ్ర జ్వరంతో రక్తప్రసరణ తగ్గిన 3,141 మంది పిల్లల మీద జరిగిన పరిశోధన 2011లో వెలువడింది. గబగబా ద్రవం ఎక్కించినవారిలో రెండు రోజుల్లో నూటికి 10 మందికి పైగా చనిపోయారు. అలా ఎక్కించని వారిలో చనిపోయింది 7 మందే.

మరి ఎవరికి ఎంత కావాలో తెలిసేదెలా? గర్భిణీలకు చేసే స్కానింగు మీకు తెలిసిందే. ఆ అల్ట్రాసౌండ్ యంత్రమే ఇప్పుడు రోగి మంచం దగ్గరికి వస్తోంది.

ఒకే వారంలో నేను చూసిన ఇద్దరి సంగతి చెబుతాను. ఇద్దరికీ బి.పి. బాగా పడిపోయింది. రెండు రోజులు వాంతులు, విరేచనాలతో వచ్చిన కూలీ మనిషికి, గుండెకు రక్తం చేర్చే పెద్ద సిర ఊపిరి పీల్చినప్పుడల్లా అతుక్కుపోతోంది. ద్రవం ఎక్కించాం. సాయంత్రానికి మూత్రం వచ్చింది. న్యుమోనియాతో వచ్చిన పెద్దాయనకు అదే సిర బొటనవేలంత లావున ఉబ్బి కదలడం లేదు. గుండె నీరసంగా కొట్టుకుంటోంది. ఊపిరితిత్తుల్లో తడికి గుర్తుగా తెల్లటి నిలువు గీతలు. కొడుకేమో, "డబ్బుకు వెనకాడం, ఇంకో రెండు బాటిళ్ళు పెట్టండి డాక్టరుగారూ" అని బతిమాలాడు. అతనికి తెర మీద ఆ గీతలు చూపించి, సెలైను ఆపి, బి.పి. పెంచే మందు మొదలుపెట్టాం. పెద్దాయన కోలుకున్నాడు.

అయితే ఒక్క సిరను చూసి తీర్పు చెప్పకూడదు. ఊపిరి యంత్రం మీద ఉన్నవారికి ఆ లెక్కే వేరు. అందుకే గుండెను, ఊపిరితిత్తులను కూడా చూస్తారు. కాళ్ళు పైకెత్తి ఉంచి, ఒక నిమిషంలో గుండె ఎక్కువ రక్తం తోస్తుందేమో గమనిస్తారు. మళ్ళీ మళ్ళీ చూస్తారు.

మీరు చేయవలసింది కూడా ఉంది. రోగికి గుండెజబ్బు, కిడ్నీజబ్బు ఉన్నాయా, మూత్రం ఎప్పుడు పోశాడు, ఊళ్ళో అప్పటికే ఎన్ని బాటిళ్ళు ఎక్కించారు, చేలో పురుగుమందు కొట్టి వచ్చాడా, ఇవన్నీ డాక్టరుకు చెప్పండి. తాగగలిగినవాడికి విరేచనాలైతే ఓ.ఆర్.ఎస్. పొట్లం మీద రాసినన్ని నీళ్ళలో కలిపి తాగించండి. ఆయాసం, మగత, మూత్రం రాకపోవడం కనిపిస్తే ఊళ్ళో బాటిలు పెట్టించుకుంటూ కూర్చోక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.

అక్కడ "ఇంకో బాటిలు పెట్టరా?" అని కాక, "ఇంకా ద్రవం అవసరమేనా, చూశారా?" అని అడగండి.