మడత విప్పని చీర

మంగళగిరి చీర కావాలంటే మా పెద్దమ్మ కొట్టుకి వెళ్లేది కాదు, నేసేవాళ్ల ఇంటికి వెళ్లేది. గాలిగోపురం కనబడే సందులో, గుమ్మం దాటగానే గుంట మగ్గం, పక్కన చాప. మజ్జిగ ఇచ్చాకే బీరువా తెరిచేవాళ్లు. ఒక్కో చీరా విప్పి ఒళ్లోకి విసిరేవాళ్లు. ఇరవై విప్పించి ఒక్కటీ కొనకుండా లేచినా, "దానికేముందండీ, పండక్కి రండి" అని సాగనంపేవాళ్లు. ఆ మాట పట్టుకుని పెద్దమ్మ పండక్కి వెళ్లి రెండు తెచ్చుకునేది. వాళ్లకి వ్యాపారం తెలీదనుకుంటే మన తెలివితక్కువ.

మొన్న ఆవిణ్ణి కొత్తగా పెట్టిన దుకాణానికి తీసుకెళ్లాను. అద్దాల తలుపు, ఏసీ, నిమ్మగడ్డి వాసన. ఎదురుగా అలంకారానికి ఓ పాత గుంట మగ్గం, గచ్చు మీదే నిలబెట్టారు. దాని మీద కుండీలో మొక్క.

"గుంటేదే? కాళ్లెక్కడ పెడతారు?" అంది పెద్దమ్మ, అందరికీ వినబడేలా.

2014లో రాష్ట్రం విడిపోయి, మరుసటేడు అమరావతికి శంకుస్థాపన జరిగిన దగ్గర్నుంచీ ఈ ఊరి నడకే మారింది. ఎయిమ్స్ వచ్చింది. 2021లో తాడేపల్లితో కలిపి కార్పొరేషన్ చేశారు. చేతిలో డబ్బున్నవాళ్లు దిగితే వాళ్లకి తగ్గ కొట్లూ దిగుతాయి. నాకందులో పేచీ లేదు. ఇక్కడి నేత ఎప్పుడూ పైఊరి డబ్బుతోనే బతికింది. ఆ పదకొండంతస్తుల గోపురమూ అంతే. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు 1809 నాటికి కట్టించాడు. ఊరి ఇళ్ల మధ్య 153 అడుగుల ఎత్తున లేస్తుంటే, ఇదేం షోకని అప్పుడూ ఎవరో గొణిగే ఉంటారు.

నా పేచీ అంతా హ్యాంగర్లతో.

మంగళగిరి చీరకి ఒళ్లంతా సాదా. పువ్వులుండవు, బుటాలుండవు. ఉన్నదంతా నేత బిగువులోనూ, సన్నటి పళ్లవరసలా సాగే నిజాం అంచులోనూ ఉంటుంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి వేలాడదీస్తే కనబడేది రంగొక్కటే. వేళ్ల మధ్య నలిపి, వెలుతురుకి పట్టి చూడకుండా ఎవరైనా ఏం తేలుస్తారు?

"ఇది విప్పమ్మాయ్," అంది పెద్దమ్మ.

"విప్పకూడదు మేడమ్. మడత పోతే సార్ ఊరుకోరు."

"మీదే ఊరు?"

"ఇక్కడే. మా నాన్న నేస్తారు."

"మరి నీకు నేను చెప్పాలా?"

ఆ పిల్ల క్యాష్ కౌంటరు వైపు చూసింది. అక్కడెవరూ లేరు. హ్యాంగరు తీసేసి, ఒక్క విదిలింపుతో చీరంతా పరిచేసింది. పెద్దమ్మ కొంగు పట్టుకుని అద్దాల దగ్గరికి నడిచింది. రెండో కొస పట్టుకుని ఆ పిల్లా వెనకే వెళ్లింది.

"నేత బావుంది. ఎంత?"

చెప్పింది. పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు.

"ఇందులో మీ నాన్నకెంత ఇస్తారు?"

"ఇది మా నాన్న నేసింది కాదులెండి మామ్మగారూ," అని నవ్వేసింది.

కొనలేదు. ఆ పిల్ల చీర నడుమంచుని గడ్డం కింద నొక్కిపట్టి, చేతులు బారచాపి, చకచకా మడతలు వేసింది. తీరా చూస్తే ఆ మడత హ్యాంగరుకి కుదర్లేదు. అటూ ఇటూ చూసి, మగ్గం మీద కుండీ పక్కన పెట్టేసింది.